నాలుగో సంపుటం లేని గిబ్బన్

అమలాపురం దగ్గర ఓ మండువా లోగిలి పడగొడుతున్నారని తెలిసి వెళ్తే, అటక మీంచి దించిన పుస్తకాలు అరుగు మీద గోనెసంచి పరిచి పెట్టారు. ఇంగ్లీషు చరిత్రకారుడు గిబ్బన్ రాసిన రోమన్ సామ్రాజ్య పతన చరిత్ర! సగం తోలు బైండింగు, అంటే వీపూ మూలలూ తోలు, మిగతా అట్టంతా నీళ్లలో రంగులు కలిసినట్టుండే మార్బుల్ కాగితం. 1776లో మొదటి సంపుటంతో మొదలై 1788లో చివరి మూడింటితో పూర్తయిన పుస్తకం అది. నాకు దొరికింది చాలా తర్వాతి ముద్రణ, అదీ ఆరింటిలో ఐదే. నాలుగోది ఏదండీ అంటే, "1986 గోదావరి వరదల్లో తడిసి ముద్దయిపోయిందండీ" అన్నారు పెద్దాయన. జస్టీనియన్ చక్రవర్తి కథంతా అందులోనే ఉంటుంది, ఖర్మ! సెట్టులో ఒక్కటి తగ్గినా ధర పడిపోతుంది కాబట్టే నాబోటివాడికి అందిందనుకోండి.

ఇంటికొచ్చి చూస్తే చేతులన్నీ ఎర్ర పొడి. పాత తోలులో ఆమ్లం పెరిగి ఇలా రాలుతుంది, రెడ్ రాట్ అంటారు, మొదలయ్యాక వెనక్కి పోదు. కొబ్బరినూనె రాయమంది మా అత్తయ్య (కోనసీమలో అన్నిటికీ అదేగా). ఒకప్పుడు నేనూ రాసి, నల్లగా జిడ్డెక్కి కాగితానికి మరక దిగి, ఓ పుస్తకం పాడుచేసుకున్నాను. ఇప్పుడు మెత్తని బ్రష్షుతో దులిపి, యాసిడ్ లేని కాగితం చుట్టి, చెమ్మ గోడకి ఎడంగా జరిపిన బీరువాలో నిలబెట్టాను. వీపు పైఅంచు పట్టి లాగొద్దని పిల్లలకి చెప్పా, రెండు పక్కలా పట్టుకుని తీయాలి.

నాలుగోదాని చోటు ఖాళీగానే ఉంచా. రాజమండ్రిలో పాత పుస్తకాలమ్మే ఆయనకి చెప్పిపెట్టాను, రంగు కలవకపోయినా పర్లేదని.