చందా

మొదట చూసింది సెలూన్ అతను. "బాబూ, వెనకాల రూపాయి బిళ్లంత ఊడిపోయింది. పేనుకొరుకుడు" అన్నాడు. అది 2023 వేసవి, ఒడిశా పర్లాకిమిడిలో. అత్తయ్య గురివింద గింజ అరగదీసి రాస్తే చర్మం మండి పొక్కింది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

మా ఆఫీసులో ఒడియా వాళ్లూ తెలుగు వాళ్లూ కలిసే ఉంటాం. ఒడియాలో చందా అంటే బట్టతల అని కూడా అర్థం. వినాయక చవితి వసూళ్లు మొదలయ్యాక హెడ్ క్లర్కు రసీదు పుస్తకం నా బల్ల మీద పెట్టి, "చందా బాబు ఎంత ఇస్తారు?" అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. శ్లేష బాగానే ఉంది మరి. పండుగ వెళ్లిపోయింది, చందా మాత్రం మిగిలింది. దసరా నాటికి ఆదివారం సాయంత్రం అయితే చాలు, కడుపులో నొప్పి. నిద్ర లేదు.

పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వెళ్లి చర్మ వైద్యురాలికి చూపించుకున్నాను. ఇందులో పేలకు సంబంధమే లేదట, అంటుకునేదీ కాదట. ఒంటిని కాపాడవలసిన కణాలే పొరపాటున వెంట్రుకల కుదుళ్ల మీద పడతాయి. కుదురు చావదు కనుక జుట్టు తిరిగి వచ్చే అవకాశం ఉంది. నెలకోసారి మచ్చలోనే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ మందు సూదులు. బెంగ వల్లే వచ్చిందా అని అడిగితే అలా తేల్చి చెప్పలేమన్నారు. నిద్ర సంగతి విని 14416 నంబరు రాసిచ్చారు. అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం, ఉచితం. రెండుసార్లు మాట్లాడాను. వేళాకోళం జరిగిన తేదీలూ అన్న మాటలూ ఒక పుస్తకంలో రాయడం ఆ తరువాతే మొదలుపెట్టాను.

రాస్తుంటే ఇది వేధింపేనని తెలిసింది. నార్వేలో పిల్లల మధ్య వేధింపులను అధ్యయనం చేసిన డాన్ ఓల్వియస్ మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, పదే పదే చేయడం, ఎదుటి మనిషి తిప్పికొట్టలేని స్థితిలో ఉండడం. నా సెలవు చీటీ మీద సంతకం పెట్టేది హెడ్ క్లర్కే. బడిపిల్లలకైతే మానసిక వేధింపు కూడదని 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ ఉంది. ఆఫీసుల్లో లైంగిక వేధింపులకు 2013 చట్టం ఉంది. బట్టతల మీద జోకులకు ప్రత్యేకంగా ఏ చట్టమూ లేదు.

హెడ్ క్లర్కు కన్నా నన్ను ఎక్కువ కుంగదీసింది చుట్టూ లేచే నవ్వు. దాన్ని ఆపింది మా టైపిస్టు దీదీ. ఒకరోజు చందా మాట రాగానే పాత రసీదు పుస్తకం పట్టుకుని బల్ల బల్లకూ తిరిగింది. "ఇప్పుడు నవ్విన వాళ్లు తలా వంద తీయండి, ఈయన సూదిమందుకు." ఒక్కరూ తీయలేదు. మళ్లీ నవ్వనూ లేదు. హెడ్ క్లర్కు ఇంకో రెండుసార్లు ప్రయత్నించి, వినేవాళ్లు లేక మానేశాడు. క్షమాపణ ఏమీ చెప్పలేదు.

నాలుగో విడత సూదుల తరువాత మచ్చలో తెల్లటి నూగు వచ్చింది, తరువాత నల్లబడింది. పోయిన నెల గడ్డం దగ్గర ఇంకో చిన్న మచ్చ కనిపించింది. శనివారం శ్రీకాకుళం వెళ్లాలి. ఇదివరకు సెలవు చీటీలో "ఇంటి పని" అని రాసేవాణ్ని. ఈసారి పేనుకొరుకుడు అని రాసి ఇచ్చాను.