రోగ్‌లైక్ స్పీడ్‌రన్‌లో రీసెట్‌కి ధర ఎంత?

రమ్మీలో ముక్కలు పంచాక, ఈ చేతితో లాభం లేదనుకుంటే డ్రాప్ చెయ్యొచ్చు. 101 పూల్‌లో మొదటే డ్రాప్ చేస్తే 20 పాయింట్లు, ఆట నడిచాక చేస్తే 40. ఆ పాయింట్లే లేకపోతే జోకర్లు పడేదాకా అందరూ డ్రాపులు కొడుతూ కూర్చుంటారు. రోగ్‌లైక్ అంటే ప్రతిసారీ పటం, వస్తువులు కొత్తగా పడే, చస్తే మొదటికొచ్చే వీడియో గేమ్. అలా మొదలెట్టిన ఒక్కో ఆట ఒక రన్, దాన్ని వీలైనంత త్వరగా ముగించే పోటీ స్పీడ్‌రన్. అందులో రీసెట్, అంటే ఆడుతున్న రన్ వదిలేసి కొత్తది ఎత్తుకోవడం, అచ్చంగా ఈ డ్రాప్ లాంటిదే. బైండింగ్ ఆఫ్ ఐజాక్ అనే ఆటలో ఆర్ కీ కాసేపు నొక్కి పట్టుకుంటే కొత్త రన్, కొత్త పంపకం, పాయింట్లేమీ పడవు. ఈ ఆటలకి కేటగిరీలు, అంటే ఏ నియమాలతో ఆడిన రన్ ఏ రికార్డు పట్టికలోకి వెళ్ళాలో చెప్పే విభాగాలు, రాసేటప్పుడు ముందు తేల్చాల్సింది ఈ డ్రాప్‌కి ధర ఎంత అన్నదే.

లెక్క వేసి చూద్దాం. మొదటి ఫ్లోర్‌లో (దశలో) మనకి కావలసిన ఐటెం 50 రన్లకి ఒకసారి వస్తుందనుకోండి. ఉందో లేదో చూడ్డానికి 20 సెకన్లు. సగటున 50 ప్రయత్నాలు, అంటే 1000 సెకన్లు, దాదాపు 17 నిమిషాలు. అంతవరకూ ఫరవాలేదు. ఆ తర్వాత పావుగంట ఆడాక పదింట ఒకసారి మాత్రమే కలిసొచ్చే షాపు కూడా కావాలంటే ఒక్కో ప్రయత్నం 32 నిమిషాలు, పది ప్రయత్నాలకి 5 గంటల 20 నిమిషాలు. అదీ మధ్యలో ఒక్కసారీ చావకుండా ఆడితేనే. బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని రాత్రి తొమ్మిదికి మారతహళ్ళి పీజీకి చేరేవాడినీ, సెలవుల్లో రోజంతా కూర్చునేవాడినీ ఒకే పట్టికలో పెడితే, ఆ పట్టిక చివరికి చెప్పేది ఎవరికెంత తీరిక ఉందో.

అందుకే ప్రధాన కేటగిరీగా నా ఓటు మూడు గెలుపుల సెట్‌కి. మొదటి రన్ మొదలైన క్షణం నుంచి మూడో గెలుపు దాకా టైమర్ ఆగకూడదు. చావులు, రీసెట్లు, మెనూలు అన్నీ అందులోనే. అప్పుడు 4 నిమిషాలు మిగిల్చే ఐటెం కోసం 17 నిమిషాలు ఎవరూ తగలెయ్యరు. రీసెట్‌ని నిషేధించే పనే లేదు, దానికి ధర పడింది. పంపకం బాగోలేకపోయినా సర్దుకుని ఆడే నేర్పు పైకొస్తుంది, ఈ ఆటల అసలు విద్య అదే. ఒక లొసుగు మాత్రం మిగులుతుంది: మొదటి రన్ చెడితే సెట్ మొత్తం వదిలేసి కొత్త సెట్ ఎత్తుకోవచ్చు. దాన్ని పూర్తిగా మూసేది రేసు ఒక్కటే. అక్కడ గడియారం అందరికీ ఒకేసారి మొదలవుతుంది. ఒక్క రన్ రికార్డు పట్టికని తీసెయ్యక్కర్లేదు, రెండో స్థానంలో ఉంచితే చాలు.

సీడ్ అంటే ఆటలో పంపకం ఎలా పడాలో తేల్చే కోడ్. సీడ్ ఇచ్చి ఆడిన రన్, సీడ్ లేకుండా ఆడిన రన్ ఒకే పట్టికలోకి రాకూడదు. ఆటలే ఈ తేడా గుర్తిస్తాయి: ఐజాక్‌లో, కార్డులతో ఆడే స్లే ద స్పైర్‌లో సీడ్ టైప్ చేసి ఆడితే అచీవ్‌మెంట్లు రావు. సీడెడ్ పట్టికలో ఏ సీడ్ అయినా సరే అన్నారో, పోటీ మంచి సీడ్‌ని వెతికే ప్రోగ్రాముల మధ్య జరుగుతుంది. ఒక సీడ్ ఖాయం చేసి, నెలకోసారి మార్చండి. రేసులో అయితే ఆడనివాళ్ళు సీడ్ తీసి, మొదలయ్యే క్షణంలోనే అందరికీ చూపించాలి. ముందుగా ఒక పరీక్ష తప్పనిసరి: ఇద్దరు ఒకే సీడ్‌ని వేర్వేరు దారుల్లో ఆడి, మొదటి మూడు ఫ్లోర్లలో షాపులు, ఐటెంలు పోల్చాలి. కొన్ని ఆటల్లో ఆటగాడు చేసే పనులు కూడా యాదృచ్ఛిక సంఖ్యల వరసని ముందుకు జరుపుతాయి కాబట్టి సీడ్ ఒకటే అయినా ఫలితాలు విడిపోతాయి. అలాంటి ఆటలో అందరికీ ఒకే పంపకం అని మాటివ్వడం తప్పు.

సేవ్ చేసి బయటికెళ్ళి రావడం గురించి నియమం రాయకపోతే గొడవ ఖాయం. స్లే ద స్పైర్‌లో యుద్ధం మధ్యలో బయటికెళ్ళి కంటిన్యూ నొక్కితే ఆ యుద్ధం మళ్ళీ మొదటి నుంచి, అదే కార్డుల వరసతో మొదలవుతుంది. అంటే రాబోయే చెయ్యి ముందే తెలుసు. ఇది నిషేధించడమే మేలు. ఆట దానంతటదే క్రాష్ అయితే కంటిన్యూకి ఒప్పుకోండి, టైమర్ మాత్రం నడుస్తూనే ఉండాలి.

అన్‌లాకుల (ఆడేకొద్దీ తెరుచుకుని తర్వాతి రన్లకీ నిలిచేవాటి) సంగతి: హేడీస్‌లో మిర్రర్ ఆఫ్ నైట్ అప్‌గ్రేడులన్నీ ఉన్న సేవ్ ఫైలుకీ, కొత్త ఫైలుకీ పోలికే లేదు. డెడ్ సెల్స్‌లో అన్‌లాకులు పెరిగేకొద్దీ ఐటెంల గుంపు పెద్దదై, కావలసింది దొరకడం కష్టం కావచ్చు. కొత్త ఫైలు, పూర్తి ఫైలు అని రెండే పెట్టి, పూర్తి ఫైలుని అందరికీ కాపీ చేసి ఇవ్వండి.

గడియారం ఏది? నెట్‌హ్యాక్ అనే పాత రోగ్‌లైక్ ఆడేవాళ్ళు ఈ చిక్కు ఎప్పుడో విప్పారు. తక్కువ టర్నులు (ఎత్తులు) ఒక పోటీ, తక్కువ నిజ సమయం ఇంకో పోటీ. 20ఎస్ (20 టర్నులు చుట్టూ వెతుకు) అని మూడు కీలు కొడితే 20 టర్నులు క్షణంలో గడిచిపోతాయి. టర్నులు లెక్కపెట్టే ఆటగాడు ఒక్క ఎత్తు కోసం గంట ఆలోచించినా నష్టం లేదు. రెండూ వేరే విద్యలు, కలపకూడదు. మిగతా ఆటల్లో పాజ్ చేస్తే ఆటలోని టైమర్ ఆగుతుందో లేదో చూడండి. ఆగితే ఆలోచన అంతా పాజ్‌లోనే జరుగుతుంది, కాబట్టి నిజ సమయమే వాడాలి. హార్డ్ డిస్కు, ఎస్‌ఎస్‌డీ తేడా పోవాలంటే లైవ్‌స్ప్లిట్ అనే టైమర్ ప్రోగ్రాములో లోడింగ్ సమయం తీసేసే ఆటోస్ప్లిటర్ పెట్టుకోవాలి. ముగింపు క్షణం వీడియోలో స్పష్టంగా కనిపించేదై ఉండాలి, ఉదాహరణకి చివరి బాస్ హెల్త్ సున్నా అయిన ఫ్రేము. సెకనుకి 30 ఫ్రేముల రికార్డింగులో ఒక ఫ్రేము 33 మిల్లీసెకన్లు, కనుక మిల్లీసెకన్లతో ర్యాంకులివ్వడం అర్థం లేని పని.

పట్టికలు పెరిగిపోకుండా చూసుకోండి. స్లే ద స్పైర్‌లో నాలుగు పాత్రలు, ముగింపు మూడో అంకం లేదా హార్ట్ అనే చివరి బాస్, అసెన్షన్ (కష్టం స్థాయి) 0 లేదా 20, సీడ్ ఉందా లేదా: 4×2×2×2 అంటే 32 పట్టికలు. పన్నెండు మంది గుంపుకి రెండు చాలు. ఒక ఐటెం దారినే మార్చేస్తే మాత్రం విడదీయాల్సిందే. స్పెలంకీలో టెలిపోర్టర్ (క్షణంలో ముందుకు దూకించే పరికరం) లేని రన్లకి వేరే కేటగిరీ ఉండడం అందుకే.

వీడియో కొత్త రన్ నొక్కడానికి ముందే మొదలవ్వాలి, కోతలుండకూడదు. అనుమానం వస్తే ఒక్క రన్‌ని పట్టుకోవద్దు, వరసగా చాలా రన్లని లెక్కించండి. 2020లో ఒక మైన్‌క్రాఫ్ట్ ఆటగాడు అవకాశాలని మార్చి ఆడాడన్న వివాదంలో మోడరేటర్లు ఆరు స్ట్రీములు లెక్కించారు. 262 బార్టర్లలో (బంగారం ఇచ్చి వస్తువు తీసుకోవడంలో) కావలసిన ముత్యాలు 42 సార్లు వచ్చాయి. ఒక్కో బార్టర్‌కి అవకాశం 4.73 శాతం, రావలసింది 12 చుట్టూ. బ్లేజ్ అనే శత్రువుని చంపితే సగం సార్లు పడాల్సిన రాడ్లు 305కి 211 పడ్డాయి. అందుకే సమర్పించిన రన్‌తోపాటు ఆ రోజు చచ్చిన రన్ల రికార్డింగు కూడా ఉంచమని నియమం పెట్టాలి.

ఇక మన బెంగళూరు రేసులకి రెండు మాటలు. లాప్‌టాప్ బ్యాటరీ మీద ఆడితే ప్రాసెసర్ నెమ్మదించొచ్చు, ఛార్జర్ తప్పనిసరి. ఒకరి మెషీన్ ఆగితే వాళ్ళ టైమర్ నడుస్తూనే ఉంటుంది. కరెంటు అందరికీ పోతే రేసు రద్దు, మళ్ళీ మొదలెట్టేటప్పుడు కొత్త సీడ్. పాత సీడ్‌లో మొదటి ఫ్లోర్ అప్పటికే అందరూ చూసేసి ఉంటారు.