గుబ్బియోలో ఇగువియం పలకల దగ్గర

రోమ్ నుంచి ట్రైన్‌లో ఫొసాతో ది వీకో దాకా వెళ్లి అక్కడ బస్సెక్కి గుబ్బియో చేరా, ఊళ్లోకి రైలు లేదు. ఊరంతా కొండ వాలు మీదే, ఎటు చూసినా ఎక్కుడే. అయినా ఎక్కడా ఆగకుండా నేరుగా పలాజ్జో దెయ్ కోన్సోలి అనే మ్యూజియంకే వెళ్లిపోయా, ఎందుకంటే వచ్చిందే పూజల విధానం రాసి ఉన్న ఆ ఏడు కంచు పలకల కోసం. ఇగువియం అంటే ఈ ఊరి పాత పేరే.

1444లో దొరికాయంటారు, 1456లో ఊరివాళ్లు కొనేశారు. ఇటలీలో ఒకప్పటి ఉంబ్రియన్ భాష గురించి మనకి తెలిసిందంతా దాదాపు వీటి వల్లే. మొదటి పలకలు పాత ఉంబ్రియన్ లిపిలో కుడి నుంచి ఎడమకి ఉంటాయి, ఐదో పలక చివరి భాగం, ఆరు, ఏడు మాత్రం లాటిన్ లిపి.

ఆరో పలక ముందు చాలాసేపు నిలబడ్డా. ఊరి ట్రెబులాన్ ద్వారం ముందు జూపిటర్ గ్రాబోవియస్ అనే దేవుడికి మూడు ఎద్దులు బలివ్వాలంట, 'బుఫ్ త్రెయ్ఫ్ ఫెతు', ఎద్దులకీ మూడుకీ చివర అదే ఫ్. మనకి ఎర్ర ఎద్దు అన్నా ఎర్ర ఎద్దుల్ని అన్నా ఎర్ర మారదు, అక్కడ విశేషణం కూడా నామవాచకంతో పాటు విభక్తి మార్చుకుంటుంది. ఇంకోటి 'తసెస్ పెర్స్నిము'. మనం మౌనంగా ప్రార్థించు అంటాం, వాళ్లేమో ఆ మౌనాన్ని పనికి కాకుండా పూజారికే తగిలించారు, అంటే తసెస్ అనేది విశేషణం. నాకు ఇది భలే నచ్చింది.

కానీ నన్ను నిజంగా కట్టిపడేసింది ఐదో పలక. అందులో అతియెడియన్ సోదరులు అనే పూజారుల సంఘం రూల్స్ ఉన్నాయి, వాళ్లు భోజనాలయ్యాక కూర్చుని ఓటేసేవాళ్లంట, పని 'రెహ్తె' జరిగిందా అని, అంటే సరిగ్గా జరిగిందా అని. వచ్చినవాళ్లలో 'మెస్త్రు కరు', అంటే ఎక్కువ మంది, అవునంటే 'ప్రుఫె', బాగున్నట్టే. ఈ రెండూ క్రియావిశేషణాలే, రెండిటికీ చివర ఎ, లాటిన్‌లో రెక్తె, ప్రొబె ఉన్నట్టే. రెండువేల ఏళ్ల పైబడిన కంచు మీద ఆ రెహ్తెని అక్షరం అక్షరం కుడి నుంచి కూడబలుక్కుని చదివితే ఒళ్లు పులకరించింది. సరిగ్గా జరగలేదని ఎక్కువ మంది అంటే మాత్రం, కర్మ చేయించిన అర్ఫెర్తుర్‌కి ఎంత జరిమానా వెయ్యాలో దానికీ మళ్లీ ఓటే.