మూడు మునకలు

2019 సెప్టెంబర్ 30. యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా మొదటి రోజు. బోస్టన్ దగ్గర మా సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, ప్రార్థన జరుగుతుండగా సగంలో లేచి బయటికి వచ్చేశాను.

ఆ రోజు చదివే కథలు ప్రతి ఏడాదీ అవే. ముందు తోరా నుంచి, అంటే బైబిల్‌లోని మొదటి అయిదు పుస్తకాల నుంచి, ముసలితనంలో శారాకు కొడుకు పుట్టిన కథ. తర్వాత ప్రవక్తల గ్రంథాల నుంచి హన్నా కథ. తెలుగు బైబిల్ ఉన్న ఇళ్లలో ఇది తెలిసే ఉంటుంది. పిల్లల్లేని హన్నా మందిరంలో నిలబడి మనసులోనే ప్రార్థిస్తుంది. పెదవులు కదులుతాయి, గొంతు వినపడదు. యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకుంటాడు. ఆ తర్వాత ఆమెకు సమూయేలు పుడతాడు. ఆ పుట్టడం గురించి వినే శక్తి ఆ రోజు నాకు లేదు. పిల్లల కోసం చేయించుకున్న మూడో ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపే చికిత్స) కూడా ఫెయిలైందని ఆ వారమే తెలిసింది.

కారిడార్‌లో కిటికీ దగ్గర యాభై దాటిన ఒకావిడ నిలబడి ఉన్నారు. ముఖం తెలుసు, మాట్లాడింది లేదు. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగి చోటిచ్చారు. "నేనూ దీనికి లోపల కూర్చోను. పదకొండేళ్లుగా ఇక్కడే నిలబడతాను" అన్నారు. ఇంకేమీ అడగలేదు. చదవడం పూర్తయ్యాక ఇద్దరం కలిసే లోపలికి వెళ్లాం. తర్వాతి నాలుగేళ్లలో నాకు అందిన సాయమంతా ఆ కిటికీ దగ్గరే మొదలైంది.

మాది తెనాలి. చదువుకోడానికి 2012లో అమెరికా వచ్చాను. మా ఆయన యూదుల కుటుంబంలో పుట్టినవాడు. తను ఎప్పుడూ మతం మారమని అడగలేదు. శుక్రవారం రాత్రి వాళ్లింట్లో దీపాలు వెలిగించి అందరూ కలిసి తినే ఆ భోజనం నన్ను లాగింది. ఏడాదిన్నర చదువుకుని 2016లో నా ఇష్టంతోనే యూదు మతంలోకి వచ్చాను. 2017లో పెళ్లయింది. అమ్మ పట్టుబట్టడంతో నల్లపూసలు కూడా వేసుకున్నాను.

మన దగ్గర ఈ బాధ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. "ఏమైనా విశేషమా?" అనే ఒక్క ప్రశ్న చాలు. ప్రతి ఆదివారం ఫోన్లో అమ్మ అడిగేది. కొన్నాళ్లకు అడగడం మానేసింది. అడగకుండా ఆగిపోయే ఆ క్షణం నాకు ఇంకా కష్టంగా ఉండేది. నాకు చెప్పకుండా మోపిదేవి వెళ్లి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకుని వచ్చిందని తర్వాత తెలిసింది.

ఇక్కడ ఆ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. కానీ పండగలన్నీ పిల్లల చుట్టూనే తిరుగుతాయి. శుక్రవారం రాత్రి తల్లిదండ్రులు పిల్లల తలల మీద చేతులుంచి ఆశీర్వదిస్తారు. పూరీమ్ పండగ వస్తే పిల్లలంతా వేషాలు వేసుకుని సినగాగ్ నిండా పరిగెడతారు. ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలను గుర్తుచేసుకునే పస్కా రాత్రి భోజనాల బల్ల దగ్గర అందరికంటే చిన్నపిల్ల లేచి ప్రశ్నలు అడగాలి. "మీరు ఫలించి అభివృద్ధి పొందండి" అన్నది తోరాలో మొట్టమొదటి ఆజ్ఞ. ఇవన్నీ నాకు ఇష్టమైనవే. అందుకే ఎక్కువ గుచ్చుకునేవి. నాకు కావాలని నేనే వెతుక్కుంటూ వచ్చిన ఇంట్లో, నేను కూర్చోలేని గది ఒకటి ఉన్నట్టు ఉండేది.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. తూర్పు ఐరోపా నుంచి వచ్చిన అష్కెనాజీ యూదులు బతికున్నవాళ్ల పేర్లు పిల్లలకు పెట్టరు. చనిపోయినవాళ్ల పేర్లు పెడతారు. మా అత్తగారి తల్లి పోలండ్‌లో నాజీల ఊచకోత నుంచి ప్రాణాలతో బయటపడింది. ఆమె తోబుట్టువులు ఎవరూ బయటపడలేదు. వాళ్ల పేర్లలో రెండు ఇంకా ఎవరికీ పెట్టలేదు. ఆ సంగతి నాతో ఎవరూ అనలేదు. కానీ ఆ ఇంటి గోడ మీద ఉన్న పాత ఫోటో ముందు నుంచి నడిచినప్పుడల్లా ఆ ఇద్దరూ నన్నే చూస్తున్నట్టు అనిపించేది. ఒకసారి వంటింట్లో గిన్నెలు తుడుస్తూ అత్తగారితో ఈ మాట అనేశాను. ఆవిడ గిన్నె పక్కన పెట్టి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఆ పేర్లు మోయడం మా బాధ్యత, నీ గర్భానిది కాదు" అన్నారు. ఇద్దరం అక్కడే నిలబడి ఏడ్చాం.

వైద్యం గురించి క్లుప్తంగా చెబుతాను. నా ఏఎంహెచ్ (అండాలు ఎన్ని మిగిలాయో సూచించే హార్మోన్) వయసుకు ఉండాల్సినదానికంటే చాలా తక్కువ. మా ఆయన టే-శాక్స్ అనే, పసిపిల్లల నరాలను దెబ్బతీసే వంశపారంపర్య జబ్బుకు క్యారియర్ అని, అంటే తనకు జబ్బు లేకపోయినా ఆ జన్యువు ఉందని, పరీక్షలో వచ్చింది. అష్కెనాజీల్లో దాదాపు 30 మందిలో ఒకరు క్యారియర్లే. ఇద్దరూ క్యారియర్లయితేనే బిడ్డకు ప్రమాదం. నాకు లేదు కాబట్టి ఆ భయం తీరింది. మేముండే మసాచుసెట్స్ రాష్ట్రంలో 1987 నుంచి ఒక చట్టం ఉంది, చాలా ఇన్సూరెన్సులు ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్స) ఖర్చు భరించాల్సిందే. అందుకని డబ్బు టెన్షన్ మాకు పెద్దగా లేదు. ఇదే పనికి వేరే రాష్ట్రంలో ఉన్న నా స్నేహితురాలు ఇల్లు కొందామని దాచిన డబ్బంతా పెట్టేసింది. మా ఇద్దరి ఏడుపూ ఒకటే, తనకు పైన అప్పు కూడా.

2020 మార్చిలో ఇంజెక్షన్లు మొదలుపెట్టాల్సిన వారంలోనే కోవిడ్ వల్ల ఫెర్టిలిటీ క్లినిక్‌లు కొత్త చికిత్సలు ఆపేశాయి. ఫ్రిజ్ తలుపు తీస్తే మందుల పెట్టె కనపడేది. ఆ రోజుల్లోనే కిటికీ దగ్గరి ఆవిడ ఫోన్ చేసి, మా రబ్బీ (యూదుల మతగురువు) గారూ ఒక సోషల్ వర్కరూ కలిసి పిల్లల కోసం ఎదురుచూసేవాళ్ల గ్రూపు ఒకటి నడుపుతున్నారని, జూమ్‌లో కలుస్తున్నారని చెప్పారు. నాకు వెళ్లాలని లేదు. పదిమంది ముందు కూర్చుని గర్భసంచి గురించి మాట్లాడడం మా ఇంటా వంటా లేదు. మా ఆయనే, "కెమెరా ఆపేసి విను చాలు" అన్నాడు.

మొదటి రెండుసార్లు కెమెరా ఆపేసే ఉన్నాను. మూడోసారి ఒకమ్మాయి తన చెల్లి కొడుకు సున్తీ వేడుకకు వెళ్లలేకపోయానని, చెల్లి మాట్లాడడం మానేసిందని చెబుతుంటే నాకు తెలియకుండానే కెమెరా ఆన్ చేశాను.

ఆ గ్రూపులో కొన్ని నియమాలు ఉండేవి. ఎవరూ ఎవరికీ సలహా చెప్పకూడదు. "మా పిన్ని కూతురికి ఆశ వదిలేశాక అదే వచ్చింది" లాంటి కథలు తేకూడదు. దత్తత మాట అది కావాలనుకున్నవాళ్లే ఎత్తాలి. అన్నిటికంటే నాకు విలువైనదిగా అనిపించిన నియమం ఇంకొకటి. గ్రూపులో ఎవరికైనా గర్భం నిలిస్తే అందరి ముందూ చెప్పరు. ముందు రోజు ఈమెయిల్ రాస్తారు. మిగతావాళ్లు తమ గదిలో తాము ఏడ్చుకుని, మర్నాడు నిజమైన సంతోషంతో పలకరించడానికి వీలుగా. యూదులు గర్భం సంగతి తెలిస్తే "మజల్ తోవ్" (శుభాకాంక్షలు) అనరు. "బె షాఆ తోవా" అంటారు, మంచి ఘడియలో జరగాలని. ఇంకా పుట్టలేదు కాబట్టి ముందే పండగ చేసుకోరు. అంత జాగ్రత్త తెలిసిన భాష మా గ్రూపుకు బాగా పనికొచ్చింది.

ఆ ఏడాది యూదుల ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్ నాటికి నా మొదటి ఐవీఎఫ్ మొదలైంది. ఒక సాయంత్రం నుంచి మర్నాటి రాత్రి దాకా మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం అది. డాక్టరేమో నీళ్లు బాగా తాగమన్నారు. రబ్బీ గారిని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఈ ఏడాది నీకు ఉపవాసం లేదు. డాక్టర్ చెప్పినట్టు తాగడమే నీ ఆజ్ఞ" అన్నారు. అందరూ ఉపవాసం ఉన్న రోజు గంటగంటకూ గ్లాసు ఎత్తి తాగుతుంటే తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు. అదీ ఒక ప్రార్థనలాగే ఉంది.

మొదటి ట్రాన్స్‌ఫర్, అంటే పిండాన్ని గర్భసంచిలో పెట్టడం, నిలవలేదు. రెండోది 2021 జనవరిలో నిలిచింది. గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా టెస్ట్ ఫలితం వచ్చే ఉదయం కిటికీ దగ్గరి ఆవిడ మెసేజ్ పెట్టారు: "నేను ఫోన్ దగ్గరే ఉన్నాను." ఏమైంది అని అడగలేదు. అమ్మకు మూడు నెలలు నిండాక చెబుదామనుకున్నాం. తొమ్మిదో వారంలో స్కాన్ చేసినప్పుడు గుండె కొట్టుకోవడం లేదన్నారు.

యూదుల్లో ఎవరైనా పోతే ఏడు రోజులు ఇంట్లో కింద కూర్చుంటారు. దాన్ని షివా అంటారు. ఊరంతా వంట తెస్తుంది. ఇంట్లో పొయ్యి వెలిగించే పనుండదు. కానీ ముప్ఫై రోజులు బతకని బిడ్డకు సంప్రదాయం ప్రకారం షివా లేదు, గర్భం పోతే అసలే లేదు. పూర్వం ఇలాంటివి ఇంటింటా పదేపదే జరిగేవని, ప్రతిసారీ తల్లిదండ్రుల మీద సంతాపం నియమాలు మోపకూడదని అలా పెట్టారని పెద్దలు చెబుతారు. దయతో పెట్టిన నియమమే కావచ్చు. కానీ ఆ వారం నాకు కూర్చోడానికి ఒక నేల లేదు, ఎవరైనా రావడానికి ఒక కారణం లేదు.

రబ్బీ గారు ఫోన్ చేసి, "మీకు ఇష్టమైతే గ్రూపులో వాళ్లకు చెబుతాను, భోజనం తెస్తారు" అన్నారు. సరేనన్నాను. ఆ సాయంత్రమే కిటికీ దగ్గరి ఆవిడ అడిగారు, "నువ్వు నిజంగా ఏం తినగలవు?" అని. చికెన్ సూప్ వద్దు అనడానికి మొహమాటపడి, చివరికి చెప్పేశాను. అన్నం, చారు. ఆవిడ వాల్తమ్‌లో ఇండియన్ షాపుకు వెళ్లి చింతపండు, మిరియాలు, కరివేపాకు కొన్నారు. షాపులో అమ్మాయిని అడిగి ఎలా కాయాలో రాయించుకున్నారు. మర్నాడు మంచులో మా గుమ్మం ముందు గిన్నె పెట్టి, బెల్లు కొట్టి, మాస్కుతో దూరంగా వెళ్లి నిలబడ్డారు. పులుపు తక్కువైంది, పోపు లేదు. రెండు గ్లాసులు తాగాను. గర్భం పోయిన తర్వాత నేను కడుపునిండా తిన్నది ఆ పూటే.

ఆ రాత్రి అమ్మకు అన్నీ చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "మన పక్కన ఎవరైనా ఉన్నారా తల్లీ అక్కడ?" అంది. చారు సంగతి చెప్పాను. అప్పుడు ఏడ్చింది.

ఇక్కడి తెలుగువాళ్ల గురించి ఒక మాట చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. దగ్గరి స్నేహితురాలి సీమంతానికి నన్ను పిలవలేదు. నేను బాధపడతానని పిలవలేదో, నా చెయ్యి పడకూడదని పిలవలేదో ఇప్పటికీ తెలియదు. పిలిచి, "రాకపోయినా నేనేమీ అనుకోను" అని ఉంటే నాకు అది చాలేది. మన సంఘాల్లో డాన్సు పోటీలకీ వనభోజనాలకీ కమిటీలు ఉన్నాయి. దీనికి కూడా నలుగురు కూర్చునే ఒక గది ఉండాలని గట్టిగా అనుకుంటున్నాను. యూదుల్లోనూ ఇది ఎప్పటినుంచో ఉన్నదేం కాదు. పిల్లల కోసం వైద్యం చేయించుకునే జంటలకు సాయం చేసే పువా ఇన్‌స్టిట్యూట్ జెరూసలేంలో 1990లో మొదలైంది. అట్లాంటాలో జ్యూయిష్ ఫెర్టిలిటీ ఫౌండేషన్ 2015లో వచ్చింది. ఈ దారిలో నడిచినవాళ్లనే కొత్తగా వచ్చినవాళ్లకు తోడుగా జత చేస్తుంది అది. ఎవరో కొందరు తమ బాధ పక్కవాళ్లకు రాకూడదనుకుని కట్టుకున్నవే ఇవన్నీ.

2021 చివర్లో, ఆకులు రాలుతున్న రోజుల్లో, న్యూటన్‌లో ఉన్న మయీమ్ హయీమ్‌కు వెళ్లాను. అది మిక్వే, అంటే మునగడానికి కట్టిన నీటి కొలను. 2004లో తెరిచారు. మిక్వేలో వాననీరు లాంటి సహజమైన నీరు ఉండాలి. పూర్వం నుంచీ పెళ్లయిన స్త్రీలు నెలసరి తర్వాత మునిగేది అందులోనే. పిల్లల కోసం ఎదురుచూసే మనిషికి ప్రతి మునకా ఈ నెల కూడా రాలేదని చెప్పేదే. మయీమ్ హయీమ్‌లో గర్భం పోయినవాళ్ల కోసం, వైద్యం మధ్యలో ఉన్నవాళ్ల కోసం వేరే ప్రార్థనలు రాసి పెట్టారు.

గోళ్ల రంగు తుడిచాను. ఉంగరం తీశాను. నల్లపూసలు తీసి గిన్నెలో పెట్టాను. ఒంటి మీద ఏదీ ఉండకూడదు. తోడు వచ్చిన వాలంటీర్ దుప్పటి అడ్డంగా పట్టుకుని ముఖం తిప్పుకున్నారు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. మొదటిసారి మునిగినప్పుడు వెంట్రుక కూడా పైన తేలకూడదని గుర్తు చేసుకున్నాను. రెండోసారి ఆ తొమ్మిది వారాల ప్రాణానికి మనసులో వీడ్కోలు చెప్పాను. మూడోసారి నీళ్ల కింద ఉండగా, 2004 కృష్ణా పుష్కరాలు గుర్తొచ్చాయి. విజయవాడ ఘాట్‌లో అమ్మ నా భుజం పట్టుకుని, "ముక్కు మూసుకో, మూడు మునకలు" అంటూ తనూ మునిగింది. పైకి లేచేసరికి వాలంటీర్ అవతల నుంచి మెల్లగా "ఆమేన్" అన్నారు.

తర్వాత మరో రెండు ట్రాన్స్‌ఫర్లు జరిగాయి. రెండూ నిలవలేదు. 2022 డిసెంబర్‌లో ఆపేద్దామని ఇద్దరం అనుకున్నాం. గ్రూపులో ఆ మాట చెప్పినప్పుడు ఎవరూ "ఇంకొక్కసారి" అనలేదు. దానికి నేను ఎంతో రుణపడి ఉన్నాను.

2023 ఏప్రిల్ 5, పస్కా మొదటి రాత్రి. అత్తగారింట్లో బల్ల చుట్టూ తొమ్మిది మందిమి. కిటికీ దగ్గరి ఆవిడ కూడా వచ్చారు. పిల్లలెవరూ లేరు. ప్రశ్నలు అడిగే చోటు వచ్చేసరికి బల్ల దగ్గర అందరూ నిశ్శబ్దం అయ్యారు. అంతకు ముందు వారమే రబ్బీ గారు గ్రూపులో యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తల్ముద్ నుంచి ఒక వాక్యం చదివి వినిపించారు. కొడుకు అడగాలి, అడగలేకపోతే భార్య అడగాలి, ఎవరూ లేకపోతే మనిషి తనను తానే అడుక్కోవాలి అని. అంటే ఆ ప్రశ్న అడిగే చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదని దాన్ని రాసినవాళ్లే అనుకున్నారు.

నేను లేచి నిలబడ్డాను. నేర్చుకున్న రాగంలో, హీబ్రూలో మొదలుపెట్టాను. ఈ రాత్రికీ మిగతా రాత్రులకూ తేడా ఏమిటి? మొదటి ప్రశ్న దగ్గర గొంతు వణికింది. నాలుగో ప్రశ్న నాటికి కిటికీ దగ్గరి ఆవిడ నాతో కలిసి పాడుతున్నారు. అయిపోయాక అత్తగారు కళ్లజోడు సవరించుకుని, పుస్తకం దగ్గరికి తీసుకుని, ప్రతి ఏడాదీ పిల్లలకు చెప్పే ఆ జవాబు నా వైపు చూస్తూ చదవడం మొదలుపెట్టారు: "మనం ఐగుప్తులో ఫరోకు బానిసలం..."