స్ట్రక్చర్స్ ప్రిపరేషన్: బొమ్మ గీయకుండా ఫార్ములా ముట్టుకోవద్దు

సివిల్ ఇంజినీరింగ్‌లో గేట్, ఈఎస్‌ఈ (ఇంజినీరింగ్ సర్వీసెస్), ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్)... ఏ పరీక్ష అయినా స్ట్రక్చర్స్‌లో మార్కులు ఎక్కడ పోతున్నాయో ప్రీవియస్ పేపర్లు చేసి కీతో సరిచూసుకుంటే తెలిసిపోతుంది. ఫార్ములా గుర్తురాక తప్పినవి తక్కువ. ప్రశ్న సగం చదివి ఫార్ములా వేసేసినవే ఎక్కువ. త్రీ హింజ్‌డ్ ఆర్చ్ (రెండు చివర్లలో, నడినెత్తిన కీళ్లున్నది) అన్న మాట కనపడగానే చెయ్యి దానంతటదే ‘డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై 8 హెచ్’ రాసేస్తుంది (డబ్ల్యూ అంటే మీటర్‌కు లోడ్; ఎల్ అంటే స్పాన్, కాళ్ల మధ్య దూరం; హెచ్ అంటే రైజ్, ఆర్చ్ ఎత్తు). అది మొత్తం స్పాన్ మీద లోడ్ ఉన్నప్పటి ఫార్ములా. లోడ్ ఎడమ సగం మీదే ఉందన్న ముక్క ప్రశ్న చివర్లో ఉంటుంది.

దీనికి బాగా పనిచేసే మందు ఒకటుంది. ఒక్కో చాప్టర్‌కు ఒక్కో నిజమైన కట్టడాన్ని పట్టుకుని, దాని అసలు కొలతలతో ఒక్క లెక్క చేసి పెట్టుకోవడం. ఏడెనిమిది చాలు. వంతెనల వీడియోలు చూస్తూ కూర్చోమని కాదు, అది ప్రిపరేషన్ పేరుతో కాలక్షేపం. ఫోటో రెండు నిమిషాలు, లెక్క ఇరవై నిమిషాలు.

ఆర్చ్‌లతో మొదలుపెట్టండి. స్విట్జర్లాండ్‌లో రాబర్ట్ మైయార్ డిజైన్ చేసిన సాల్గినాటోబెల్ వంతెన 1930లో పూర్తయింది. స్పాన్ 90 మీటర్లు, రైజ్ దాదాపు 13 మీటర్లు, త్రీ హింజ్‌డ్ కాంక్రీట్ ఆర్చ్. ఫోటో చూస్తే ఆర్చ్ రెండు చివర్లలో, నడినెత్తిన సన్నగా ఉండి, మధ్యలో క్వార్టర్ పాయింట్ల (స్పాన్‌లో పావు, ముప్పావు దూరాల) దగ్గర ఉబ్బి కనిపిస్తుంది. ఎందుకలా అన్నదే మీ లెక్క.

మీటర్‌కు 10 కిలోన్యూటన్ల లోడ్ ఎడమ సగం మీదే ఉందనుకోండి. ఎడమ రియాక్షన్ 3 డబ్ల్యూ ఎల్ బై 8, కుడిది డబ్ల్యూ ఎల్ బై 8. క్రౌన్ (నడినెత్తి) హింజ్ దగ్గర మూమెంట్ (వంచే ప్రభావం) సున్నా కాబట్టి లోడ్ లేని కుడి భాగాన్ని పట్టుకుంటే థ్రస్ట్ (కాళ్లను పక్కకు నెట్టే బలం) డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై 16 హెచ్, అంటే సుమారు 389 కిలోన్యూటన్లు. మొత్తం స్పాన్ మీద లోడ్ ఉంటే వచ్చేదానిలో సరిగ్గా సగం. ఇక ఎడమ క్వార్టర్ పాయింట్ దగ్గర ఆర్చ్ ఎత్తు ముప్పావు రైజ్. అక్కడ మూమెంట్ తీస్తే డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై 64, దాదాపు 1266 కిలోన్యూటన్ మీటర్లు సాగింగ్ (కిందికి వంగడం). కుడి క్వార్టర్ పాయింట్ దగ్గర అంతే విలువ, హాగింగ్ (పైకి వంగడం). లోడ్ అవతలి సగానికి మారితే గుర్తులు తారుమారు. అందుకే రెండు వైపులా ఉబ్బు. హింజ్‌ల దగ్గర మూమెంట్ ఉండదు, అందుకే అక్కడ సన్నం. మొత్తం స్పాన్ మీద లోడ్ వేసి చూడండి, పారాబొలిక్ ఆర్చ్‌లో మూమెంట్ ఎక్కడా ఉండదు. మైయార్ ఆ ఆర్చ్‌ను మూమెంట్ డయాగ్రమ్ ఆకారంలోనే పోసినట్టుంటుంది. ఒక్కసారి ఈ లెక్క చేసినవాళ్లు ఆ ఫార్ములాను మళ్లీ బట్టీ పట్టాల్సిన పని లేదు. కదిలే పాయింట్ లోడ్‌కు మాత్రం గరిష్ఠ మూమెంట్ 0.211 ఎల్ దగ్గర వస్తుంది, క్వార్టర్ పాయింట్ దగ్గర కాదు. ఈ రెండింటినీ కలిపి గందరగోళం పెట్టే బిట్ తరచూ కనపడుతుంది.

టూ హింజ్‌డ్‌కు సిడ్నీ హార్బర్ బ్రిడ్జ్ తీసుకోండి. 1932, స్పాన్ 503 మీటర్లు. వేడికి దాని క్రౌన్ 18 సెంటీమీటర్ల దాకా పైకి లేస్తుంది. చివర్లలో ఠీవిగా నిలబడ్డ గ్రానైట్ టవర్లు అలంకారానికే, బరువంతా కింద ఉన్న హింజ్ బేరింగ్‌ల మీద. ఇక్కడ పట్టుకోవాల్సిన తేడా ఇది: వేడి పెరిగితే టూ హింజ్‌డ్ ఆర్చ్‌లో థ్రస్ట్ పెరుగుతుంది. త్రీ హింజ్‌డ్‌లో వేడి వల్ల విడిగా స్ట్రెస్ పుట్టదు, కానీ రైజ్ కాస్త పెరిగి, ఉన్న లోడ్‌కు వచ్చే థ్రస్ట్ కాస్త తగ్గుతుంది. ‘డిటర్మినేట్ (ఈక్విలిబ్రియం ఈక్వేషన్లతోనే తేలేది) కాబట్టి ఏమీ మారదు’ అని టిక్ పెట్టేసేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

మన రాజమండ్రి గోదావరి ఆర్చ్ బ్రిడ్జ్‌ను కూడా ఇక్కడే కట్టేయండి. ఒక్కో స్పాన్ 94 మీటర్లు, అలాంటివి 28. సాల్గినాటోబెల్ తన థ్రస్ట్‌ను రెండు కొండల మీదికి నెట్టేస్తుంది. నది మధ్య పియర్లకు ఆ వెసులుబాటు లేదు. అందుకే బౌస్ట్రింగ్: విల్లుకు నారి కట్టినట్టు ఆర్చ్ రెండు కాళ్లనూ కింది గర్డరే లాగి పట్టుకుంటుంది. పియర్‌కు చేరేది నిలువు బరువే. నారిలో టెన్షన్ ఎంత? ఆర్చ్ థ్రస్ట్ ఎంతో అంత. రైజ్ స్పాన్‌లో ఆరో వంతు అనుకుని వేస్తే స్పాన్ మీది మొత్తం బరువులో ముప్పావు వంతు వస్తుంది. అంత టెన్షన్‌ను మామూలు కాంక్రీట్ ఓర్చుకోలేదు కాబట్టి అక్కడ ప్రీస్ట్రెస్‌డ్ (స్టీల్ తీగలతో ముందే బిగించి నొక్కిన) బాక్స్ గర్డర్. ఆర్చ్ చాప్టర్‌కు, ప్రీస్ట్రెస్ కోడ్ ఐఎస్ 1343కు ముడి పడేది ఇక్కడే. రైలు రాజమండ్రి దాటుతున్నప్పుడు కిటికీలోంచి చూస్తే ఆర్చ్‌కు, డెక్‌కు మధ్య వేలాడే హ్యాంగర్లు కనిపిస్తాయి, డెక్ బరువు ముందు వాటిలోంచి పైకెళ్లి ఆ తర్వాతే ఆర్చ్ దారిన కాళ్లకు దిగుతుంది.

ఇంటర్నల్ హింజ్‌లున్న బీమ్‌లకు హౌరా బ్రిడ్జ్‌ను మించింది లేదు. 1943 నాటిది. రెండు టవర్ల మధ్య 457 మీటర్లు. రెండు వైపుల నుంచీ 143 మీటర్ల కాంటిలివర్ చేతులు, వాటి కొనల మధ్య వేలాడే 172 మీటర్ల సస్పెండెడ్ స్పాన్, టవర్ల వెనక 99 మీటర్ల యాంకర్ ఆర్మ్‌లు. నాలుగు సపోర్ట్‌లున్న బీమ్‌గా గీయండి. నాలుగు నిలువు రియాక్షన్లు, ఒక అడ్డ రియాక్షన్, మొత్తం 5. ఈక్వేషన్లు 3, రెండు హింజ్‌లకు 2 కలిపితే 5. డిటర్మినేట్.

మొత్తం పొడవునా మీటర్‌కు డబ్ల్యూ లోడ్ అనుకుంటే కాంటిలివర్ కొన మీద 86 డబ్ల్యూ దిగుతుంది. టవర్ దగ్గర హాగింగ్ మూమెంట్ సుమారు 22,522 డబ్ల్యూ, సస్పెండెడ్ స్పాన్ నడుమ సాగింగ్ 3,698 డబ్ల్యూ. రెండూ కూడితే 26,220 డబ్ల్యూ. మొత్తం స్పాన్‌ను సింప్లీ సపోర్టెడ్‌గా తీసుకున్నా డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై 8 ఇదే వస్తుంది (ముక్కలు కూడితే వచ్చే 458 మీటర్లు వేయండి, ఆ ఒక్క మీటర్ తేడా రౌండింగ్ వల్ల). హింజ్ ఎక్కడ పెట్టినా ఈ కూడిక మారదు, హింజ్ జరిపితే పంపకం మారుతుందంతే. జవాబు సరిచూసుకోవడానికి పది సెకన్ల దారి ఇది. ఇప్పుడు యాంకర్ చివర రియాక్షన్ తీయండి: 49.5 డబ్ల్యూ లోంచి 227.5 డబ్ల్యూ పోతే మైనస్ 178 డబ్ల్యూ. మైనస్ రాగానే లెక్క తప్పిందని కొట్టేసేవాళ్లు చాలామంది. తప్పు కాదు. అక్కడ వంతెన పైకి లేవాలని చూస్తోంది, దాన్ని కిందికి కట్టి పట్టుకోవాలి. యాంకర్ ఆర్మ్ అన్న పేరే అందుకు.

ఇదే జాతి వంతెన కెనడాలోని క్యూబెక్‌ది. కడుతుండగానే 1907 ఆగస్టు 29న కూలి 75 మంది చనిపోయారు. స్పాన్‌ను 1600 అడుగుల నుంచి 1800కు పెంచి, డెడ్‌లోడ్‌ను మళ్లీ లెక్కగట్టలేదు. మీటర్ బరువు అంతే ఉందనుకున్నా స్పాన్ స్క్వేర్ వల్లే మూమెంట్ 26.6 శాతం పెరుగుతుంది. కానీ మనకు పరీక్షలో పనికొచ్చేది విరిగిన చోటు: కంప్రెషన్‌లో ఉన్న కింది కార్డ్‌ల ముక్కల్ని కలిపి ఉంచే లేసింగ్ బలహీనంగా ఉంది. స్టీల్ కోడ్ ఐఎస్ 800లో లేసింగ్ క్లాజ్ చదువుతున్నప్పుడు ఇది మనసులో ఉంచుకుంటే అంకెలు అతుక్కుంటాయి. యాక్సియల్ లోడ్‌లో 2.5 శాతం ట్రాన్స్‌వర్స్ షియర్. బార్ కోణం 40 నుంచి 70 డిగ్రీలు. బార్ స్లెండర్‌నెస్ (పొడవుతో పోలిస్తే ఎంత సన్నమో చెప్పే నిష్పత్తి) 145 దాటకూడదు. లేస్‌డ్ కాలమ్ స్లెండర్‌నెస్‌ను 5 శాతం, బాటెన్డ్ (అడ్డ ప్లేట్లతో కలిపినది) అయితే 10 శాతం పెంచి తీసుకోవాలి. 1000 కిలోన్యూటన్ల కాలమ్‌కు షియర్ 25, రెండు ముఖాలకు పంచితే 12.5, 45 డిగ్రీల సింగిల్ లేసింగ్ బార్‌లో 17.7 కిలోన్యూటన్లు. ఎక్కువమంది మరిచేది ఆ ‘రెండు ముఖాలకు పంచడం’.

లోడ్ కాంబినేషన్లను టేబుల్‌లా బట్టీ పట్టేవాళ్ల కోసం న్యూయార్క్ సిటీకార్ప్ సెంటర్. 1977, 59 అంతస్తులు. ఒక మూలన చర్చి ఉండడంతో కింది కాళ్లను మూలల్లో కాకుండా ముఖాల నడుమ పెట్టారు. కట్టడం పూర్తయ్యాక ఇంజినీర్ విలియం లెమెస్యూరియర్ గాలి ఐమూలగా వీస్తే ఏమవుతుందో మళ్లీ లెక్క వేశారు. ఐమూల గాలి రెండు ముఖాల మీదా 0.707 వంతు పడుతుంది. కొన్ని బ్రేస్‌లలో (ఏటవాలు మెంబర్లలో) ఆ రెండూ కలిసి 1.41 అవుతాయి, అంటే 40 శాతం ఎక్కువ. అంతవరకూ పెద్ద భయం లేదు. వెల్డ్ చేయాల్సిన జాయింట్లను బోల్ట్‌లతో బిగించారు, అక్కడే ముప్పు.

దగ్గరగా చూడండి. గాలి వల్ల బ్రేస్‌లో టెన్షన్ 4, సొంత బరువు వల్ల కంప్రెషన్ 3 అనుకోండి. జాయింట్‌లో మిగిలే టెన్షన్ 1. గాలి 40 శాతం పెరిగితే 5.6 లోంచి 3 పోగా 2.6. గాలి బలం పెరిగింది 40 శాతం, బోల్ట్ మీద పడింది 160 శాతం ఎక్కువ. ఆయనకు వచ్చిన అంకె కూడా 160 శాతమే. 1978లో జాయింట్ల మీద స్టీల్ ప్లేట్లు వెల్డ్ చేసి బాగుచేశారు. కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 టేబుల్ 18లో గాలికి 1.5 వేస్తూ డెడ్‌లోడ్‌కు 0.9 ఎందుకో ఇప్పుడు అడగండి. ఇవే అంకెలతో రెండింటికీ 1.5 వేస్తే 1.5 వస్తుంది, 0.9తో వేస్తే 3.3. బరువు మనకు సాయం చేస్తున్నచోట దాన్ని ఎక్కువ అంచనా వేయడమే ప్రమాదం. ఓవర్‌టర్నింగ్, అప్‌లిఫ్ట్ ప్రశ్నలన్నీ ఈ గూటివే.

కనెక్షన్లకు కాన్సాస్ సిటీ హయత్ రీజెన్సీ. 1981 జులై 17న హోటల్ లోపలి వేలాడే నడకదారులు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డ్రాయింగ్‌లో పైకప్పు నుంచి ఒకే రాడ్ నాలుగో అంతస్తు నడకదారిని దాటుకుని రెండో అంతస్తుది దాకా వెళ్తుంది. తర్వాత దాన్ని రెండు రాడ్‌లు చేశారు, కిందిది పై నడకదారి బీమ్‌కే వేలాడుతుంది. ఒక్కో నడకదారి నుంచి రాడ్‌కు వచ్చే బరువు పీ అనుకుని ఫ్రీ బాడీ (విడదీసిన ముక్క మీది బలాల బొమ్మ) గీయండి. పై రాడ్‌లో బలం ముందూ 2పీ, తర్వాతా 2పీ. మారింది నాలుగో అంతస్తు బీమ్ కింది నట్ మీద: పీ కాస్తా 2పీ. ‘రాడ్‌లో బలం రెట్టింపైంది’ అని రాస్తే సున్నా. అసలు మొదటి డిజైన్ కూడా కోడ్ అడిగినదానిలో 60 శాతమే ఆపగలిగేదని విచారణలో తేలింది.

డైనమిక్స్‌కు ఎక్కువ సమయం పెట్టకండి, సిలబస్‌లో దాని వాటా చిన్నది. లండన్ మిలీనియం బ్రిడ్జ్ ఒక్కటి చాలు. 2000 జూన్‌లో తెరిచిన రెండు రోజులకే పక్కకు ఊగుతోందని మూసేశారు. మనిషి సెకనుకు రెండడుగులు వేస్తాడు, కానీ పక్కకు తోసే బలం ఎడమకోసారి కుడికోసారి కాబట్టి సెకనుకు ఒక్క సైకిలే. ఫ్రీక్వెన్సీ స్టిఫ్‌నెస్ వర్గమూలంతో పెరుగుతుంది, రెట్టింపు చేయాలంటే స్టిఫ్‌నెస్ నాలుగింతలు కావాలి. అందుకే వంతెనను లావు చేయకుండా ఊపును అణచే 37 విస్కస్ డాంపర్లు, 52 ట్యూన్డ్ మాస్ డాంపర్లు పెట్టారు.

ఈఎస్‌ఈ ఇంటర్వ్యూ దాకా వెళ్లే తెలుగువాళ్లు దుర్గం చెరువు వంతెన గురించి తడుముకోకూడదు. 2020లో తెరిచారు, మెయిన్ స్పాన్ దాదాపు 234 మీటర్లు, ఎక్స్‌ట్రాడోజ్డ్. పైలాన్ (కేబుళ్లు కట్టే టవర్) పొట్టి కాబట్టి కేబుల్ వాలు తక్కువ. 45 డిగ్రీల కేబుల్ ఒక టన్ను బరువు ఎత్తడానికి 1.41 టన్నులు లాగాలి, 20 డిగ్రీలదైతే 2.92. ఆ అదనపు లాగుడంతా డెక్‌లో కంప్రెషన్‌గా చేరి ప్రీస్ట్రెస్‌లా పనిచేస్తుంది. ‘కేబుల్ స్టేడ్‌కు, దీనికి తేడా ఏంటి’ అంటే ఈ రెండు అంకెలు చెప్పండి.

నోట్స్ విషయానికొస్తే, ఒక్కో కట్టడానికి ఒకటే పేజీ. పైన సగం బొమ్మ, బాణాలతో లోడ్ దారి. కింద ఒక లెక్క, పక్కన కోడ్ క్లాజ్, చివర మీరు ఆ టాపిక్‌లో మాక్ టెస్ట్‌లో చేసిన తప్పు ఎర్ర ఇంకుతో. కథలు, తేదీలు రాసి నింపొద్దు. ఆఖరి నెలలో కొత్త కట్టడాల జోలికి పోకుండా ఈ పేజీల బొమ్మల్ని చూడకుండా గీయండి. బాణం ఎక్కడ ఆగిపోతే ఆ చాప్టర్ మళ్లీ తెరవాలి. గేట్‌లో న్యూమరికల్ ఆన్సర్ ప్రశ్నలకు నెగటివ్ లేదు కాబట్టి ఆర్చ్, ఇంటర్నల్ హింజ్ లెక్కలు వదలకండి. వర్చువల్ కాలిక్యులేటర్‌లో సైన్ నొక్కే ముందు డిగ్రీలో ఉందా రేడియన్‌లో ఉందా చూసుకోండి. 45 రేడియన్ల సైన్ 0.851, చూడ్డానికి నిజమైన జవాబులాగే ఉంటుంది.