రగ్గులో కలరా ఉండల వాసన

మా అక్క కొడుక్కి ఏడేళ్లు. పోయిన కార్తీకంలో చలిజ్వరం వస్తే రక్తపరీక్షలో వైవాక్స్ మలేరియా అని తేలింది. విశాఖలో ఉండేవాళ్లకి మలేరియా కొత్తేం కాదు కదా, ఎవరం పెద్దగా కంగారు పడలేదు. మూడు రోజులు క్లోరోక్విన్, దాంతోపాటు 14 రోజులు ప్రైమాక్విన్ రాశారు. కాలేయంలో దాక్కున్న మలేరియా క్రిమి మళ్లీ లేవకుండా చేసేది ఆ రెండో మందే.

చలి మొదలైందని అమ్మ ట్రంకుపెట్టెలోంచి రగ్గు తీసి వాడికి కప్పింది. మూత తీయగానే గదంతా కలరా ఉండల వాసన. ఏడాది పొడుగునా ఆ ఉండల మధ్య మగ్గిన రగ్గుని వాడు వణుకుతూ ముక్కుదాకా లాక్కుని రెండు రాత్రులు పడుకున్నాడు. మూడో రోజు పొద్దున బాత్రూంలోంచి "అమ్మా, ఒకసారి రా" అని పిలిచాడు. మూత్రం కాఫీ డికాషన్ రంగులో ఉంది. కళ్లు పచ్చగా, పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆస్పత్రిలో చూస్తే హిమోగ్లోబిన్ 5.8.

అక్కడ పిల్లల డాక్టరు వాడిన మందుల చీటీ చూసి, ఆ వెంటనే "ఇంట్లో కలరా ఉండలు వాడతారా అమ్మా?" అని అడిగారు. అక్క నా మొహం చూసింది.

వాడికి జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువట. ఎర్ర రక్తకణం 120 రోజులు బతకాలంటే లోపల హిమోగ్లోబిన్ ఆక్సీకరణ చెంది పాడవకుండా కాచుకోవాలి. మిగతా కణాలకి దానికి వేరే దారులు ఉన్నాయి, ఎర్రకణానికి మాత్రం ఈ ఒక్క ఎంజైమే దిక్కు. ప్రైమాక్విన్ శరీరంలో మారి ఆ హిమోగ్లోబిన్ మీద పడుతుంది. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ కూడా పీల్చాక కాలేయంలో నాఫ్తాల్‌గా మారి సరిగ్గా అదే పని చేస్తుంది. పాడైన హిమోగ్లోబిన్ గడ్డలు కట్టి కణం గోడకి అంటుకుంటే, ప్లీహం ఆ ముక్కని కొరికేస్తుంది. మైక్రోస్కోప్‌లో వాడి కణాలు చూపించారు, ఎవరో అంచు కొరికి వదిలేసిన అప్పచ్చుల్లా ఉన్నాయి. మందు వల్లా, రగ్గు వల్లా అని అడిగితే, రెండూ ఒకేచోట దెబ్బ కొట్టాయి, ఇదింత అదింత అని విడదీసి చెప్పలేం అన్నారు.

రక్తం ఎక్కించారు, ప్రైమాక్విన్ ఆపారు, వాడు కోలుకున్నాడు. కానీ ఆ మందు రాసేముందు జీ6పీడీ పరీక్ష ఎందుకు చేయించలేదన్న కోపం నాకింకా తగ్గలేదు. ఎంజైమ్ తక్కువని ముందే తెలిస్తే డాక్టరు పర్యవేక్షణలో వారానికొక డోసు చొప్పున ఎనిమిది వారాలు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఇంకో సంగతి, కణాలు పగిలిన వెంటనే ఈ పరీక్ష చేస్తే నార్మల్ అని రావచ్చు, ఎందుకంటే ఎంజైమ్ తక్కువున్న పాత కణాలన్నీ అప్పటికే పోయి కొత్తవి మిగులుతాయి. అలా వస్తే నమ్మేసి ఊరుకోకండి, మూడు నెలలాగి మళ్లీ చేయించండి.

ఇది తల్లి నుంచి కొడుక్కి వచ్చే లోపం కాబట్టి మేనమామనైన నేనూ చేయించుకున్నాను. నాకూ తక్కువే. చిన్నప్పుడు జ్వరం మాత్రలు వాడుతుండగా కళ్లు పచ్చబడితే కామెర్లని పక్కూరు తీసుకెళ్లి పసరు పోయించారు. అది కూడా ఇదేనేమో, ఇప్పుడు తేల్చుకునే దారి లేదు.

నాకు అసలు భయం పసిపిల్లల గురించి. పాతచీర మెత్తగా ఉంటుందని పెట్టెలోంచి తీసి అలాగే పొత్తిళ్లు చేసేస్తాం. ఈ లోపమున్న బిడ్డకి ఆ వాసన చాలు, రక్తకణాలు పగిలి కామెర్లు మెదడుదాకా పోవచ్చు. అలాంటి పసివాళ్లకి గోరింటాకు కూడా పెట్టకూడదట, అరచేతిని ఎర్రగా పండించే ఆ పదార్థం నాఫ్తలీన్‌కి దగ్గర చుట్టమే. దయచేసి పురుటింట్లో కలరా ఉండలు ఉంచకండి. డాక్టరు దగ్గరికి వెళ్తే మందుల పేర్లతోపాటు ఇంట్లో ఏమేం వాడుతున్నారో కూడా అడక్కుండానే చెప్పండి.

అమ్మ ఆ ఉండలన్నీ ఏరి పారేసి, బట్టలన్నీ ఉతికి నాలుగు రోజులు మేడ మీద ఎండలో వేసింది. ఇప్పుడు బీరువాలో ఎండు వేపాకు పెడుతోంది. మూలల్లో ఇంకా ఆ వాసన ఉందని ట్రంకుపెట్టెని మాత్రం కిందకి తేనివ్వలేదు.