హెడ్ దించి, మళ్ళీ బిగించిన నా అనుభవం

మా బండి ఇంజన్ బయట ఎక్కడా చుక్క కారడం లేదు, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మాత్రం తగ్గిపోతూనే ఉంది. ఆ తర్వాత సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ మొదలైంది. ఆయిల్ మూత తీసి చూస్తే అడుగున మీగడలా ఏదో పేరుకుని ఉంది. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకుని వచ్చే ఒత్తిడి) చూస్తే 2, 3 సిలిండర్లలో బాగా తక్కువగా వచ్చింది, 1, 4 మామూలుగానే ఉన్నాయి. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోయాయంటే చాలావరకు వాటి మధ్య హెడ్ గాస్కెట్ పోయినట్టే. సిలిండర్లుండే బ్లాక్‌కీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య పెట్టే సీలు అది. ఇక హెడ్ దించక తప్పదు.

ముందుగా ఆ ఇంజన్ సర్వీస్ మాన్యువల్ సంపాదించాను. బోల్టుల వరుస, టార్క్ (ఎంత బలంతో బిగించాలన్నది) ఒక్కో ఇంజన్‌కి ఒక్కోలా ఉంటాయి. ఎవరో చెప్పిన నంబర్లతో చేసే పని కాదిది.

ఇంజన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ దించి, బ్యాటరీ నెగటివ్ తీసి, ఫ్యూయల్ లైన్‌లో ప్రెషర్ వదిలేశాను. విప్పిన ప్రతి హోస్‌కి, కనెక్టర్‌కి టేపు మీద పేరు రాసి అంటించాను, ఫోటోలూ తీసుకున్నాను. మొదటి సిలిండర్‌ని టాప్ డెడ్ సెంటర్‌కి (పిస్టన్ అన్నిటికంటే పైకి వచ్చే చోటికి) తెచ్చి, టైమింగ్ గుర్తులు కలిశాయని చూసుకున్నాకే టైమింగ్ బెల్ట్ (పిస్టన్లతో కలిసి వాల్వులు సరైన సమయానికి కదిలేలా చేసేది) తీశాను. ఎగ్జాస్ట్ నట్లు తుప్పు పట్టి ఉన్నాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచాను కాబట్టి స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) ఒక్కటీ విరగలేదు.

హెడ్ బోల్టులు మాత్రం విప్పేటప్పుడూ వరుస తప్పకూడదు. చివరల నుంచి మధ్యకి, ఒక్కోటీ కొంచెం కొంచెంగా వదులు చేస్తూ రావాలి. అల్యూమినియం హెడ్ ఒకవైపు ఒక్కసారిగా వదిలితే వంగిపోతుంది. బోల్టులన్నీ తీసినా హెడ్ కదల్లేదు. సందులో స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తాలనిపిస్తుంది, కానీ అక్కడ పడే ఒక్క గీత చాలు, మళ్ళీ లీకవడానికి. రబ్బరు సుత్తితో పక్కల నుంచి మెల్లగా తట్టి, ఇద్దరం కలిసి ఎత్తి చెక్కల మీద పెట్టాం. నేల మీద బోర్లా పెడితే తెరుచుకుని ఉన్న వాల్వులు వంగుతాయి.

గాస్కెట్ చూడగానే సంగతి తేలిపోయింది. 2, 3 సిలిండర్ల మధ్య దాని వెడల్పు చాలా తక్కువ. సరిగ్గా అక్కడే మెటల్ రింగు కాలి తెగిపోయి, ఇటు నుంచి అటు నల్లటి దారి పడింది.

అన్నిటికంటే ఎక్కువ సమయం శుభ్రం చేయడానికే పట్టింది, పట్టాలి కూడా. సిలిండర్లలో గుడ్డలు కుక్కి, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో పాత గాస్కెట్ గీకాను. గ్రైండర్‌కి పెట్టే రాపిడి డిస్కుతో పని తొందరగా అవుతుంది గానీ, దాని పొడి ఆయిల్ దారుల్లోకి పోయి బేరింగులను తినేస్తుంది. బోల్టు రంధ్రాల్లో గాలి కొట్టి ఆయిల్, కూలెంట్ చుక్క లేకుండా చేశాను. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ద్రవం మిగిలితే, బోల్టు బిగించేటప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకే పగలవచ్చు. తర్వాత హెడ్ వంగిందేమోనని దాని మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు బద్ద) పెట్టి, పొడవునా, మూలల నుంచి మూలలకి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి బ్లేడ్లతో) చూశాను. మాన్యువల్‌లో లిమిట్ 0.05 మిల్లీమీటర్లు. మధ్యలో అంతకంటే మందమైన బ్లేడు కూడా దూరింది. హెడ్‌ని మెషిన్ షాపుకి పంపి, పగుళ్ళు లేవని టెస్ట్ చేయించి, ఫేసింగ్ (ఉపరితలాన్ని చదును చేయడం) చేయించాను. పనిలో పనిగా వాల్వ్ సీల్స్ కూడా మార్పించాను.

బిగించడానికి కొత్త బోల్టులే తీసుకున్నాను. మా ఇంజన్‌వి ఒకసారి సాగితే మళ్ళీ వాడకూడని రకం. గాస్కెట్ ‘టాప్’ అని ఉన్న వైపు పైకి, ఏ పేస్టూ రాయకుండా పొడిగా పెట్టాను. హెడ్‌ని డోవెల్ పిన్నుల (సరైన చోట కూర్చోబెట్టే చిన్న పిన్నుల) మీదికి నిటారుగా దించాం. ఈసారి వరుస మధ్య నుంచి చివరలకి. టార్క్ రెంచ్‌తో దశలవారీగా బిగించాక, ఒక్కో బోల్టుని 90 డిగ్రీలు, మళ్ళీ ఇంకో 90 డిగ్రీలు తిప్పాలి. ఆ రెండో తిప్పులో బోల్టు ఇక తెగిపోతుందేమో అన్నంత టెన్షన్. చేతికి సాగుతున్నట్టు తెలుస్తుంది. అలా సాగితేనే హెడ్‌ని అన్నివైపులా సమానంగా నొక్కి పట్టుకుంటుంది.

బెల్ట్ వేశాక క్రాంక్‌ని (పిస్టన్లు తిప్పే ఇరుసుని) చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాను. ఎక్కడా తగల్లేదు, గుర్తులు మళ్ళీ కలిశాయి. అప్పుడే కొత్త ఆయిల్, ఫిల్టర్ వేసి, హీటర్ ఫుల్‌లో పెట్టి కూలెంట్‌లోని గాలి తీశాను. స్టార్ట్ చేస్తే కాసేపు ట్యాపెట్లు (వాల్వులని నెట్టే భాగాలు) టకటకమని సర్దుకున్నాయి. వేడెక్కాక థర్మోస్టాట్ (కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తెరుచుకుంది, ఫ్యాన్ తిరిగింది, పొగ లేదు. కొద్ది దూరమే నడిపి ఆ ఆయిల్‌నీ మార్చేశాను. ఇంజన్ లోపల మిగిలిన పాత కూలెంట్ అందులోకి చేరి ఉంటుంది, బేరింగుల దగ్గర దాన్ని ఉంచకూడదు.